చెన్నై ట్రాక్ మీద మన క్లబ్బు రోజు: మూడో సెషన్‌లో నా బ్రేకు పోయింది, వెళ్లాలనుకునేవాళ్లు ఒకసారి చదవండి

ఎంవీపీ_హ్యాచ్ (సోమవారం, రాత్రి 9:40)

నిన్న అర్ధరాత్రి దాటాక ఇల్లు చేరాను. ఈ రోజు సెలవు పెట్టి, పడుకుని లేచి రాస్తున్నాను. వాట్సాప్ గ్రూపులో ఫొటోలు చూసి చాలామంది ఎలా ఉంది గురూ అని అడుగుతున్నారు. చెప్పాల్సింది ఒకటుంది, గ్రూపులో పెడితే రేపటికి పైకి పోయి ఎవరికీ కనబడదు, అందుకే ఇక్కడ రాస్తున్నా.

మన కార్ల క్లబ్బు తరఫున వైజాగ్ నుంచి ఏడు సొంత కార్లు వెళ్లాం, రేసుకి కాదు, ట్రాకు మీద తోలడం నేర్చుకోవడానికి. శుక్రవారం తెల్లవారుజామున నాలుగింటికి కూర్మన్నపాలెం దగ్గర కలుసుకున్నాం. అన్నవరంలో ప్రసాదం, ఒంగోల్లో భోజనం, తడ దాటేసరికి చీకటి పడింది. 800 కిలోమీటర్ల పైన ప్రయాణం. ఎవరూ 100 దాటకూడదని ముందే అనుకున్నాం, దాటలేదు కూడా.

ట్రాకు శ్రీపెరుంబుదూరు దగ్గర ఇరుంగాట్టుకోట్టైలో ఉంది. 3.7 కిలోమీటర్లు, 12 మలుపులు, 1990 నుంచి నడుస్తోంది. టీవీలో చూసినప్పుడు వెడల్పుగా, చదునుగా కనిపిస్తుంది గానీ కారులో కూర్చుని మొదటిసారి మెయిన్ స్ట్రెయిట్ (ట్రాకులో తిన్నగా సాగే పెద్ద భాగం) చివరికి వెళ్తుంటే ముందున్న మలుపు అసలు ఎక్కడ మొదలవుతుందో కూడా తెలియలేదు నాకు.

పొద్దున్న ముందు కారు తనిఖీ. డిక్కీ మొత్తం ఖాళీ చేయించారు, స్టెప్నీ, జాకీ, ఫ్లోర్ మ్యాట్లు అన్నీ బయటికి. నా డ్యాష్‌బోర్డు మీద సింహాద్రి అప్పన్న విగ్రహం ఉంటుంది, డబుల్ టేపుతో అతికించింది. బ్రేకు గట్టిగా వేస్తే ఎగిరి మొహానికి తగులుతుంది, తీసేయండి అన్నాడు తనిఖీ చేసే పెద్దాయన. జాగ్రత్తగా ఊడదీసి తువ్వాల్లో చుట్టి బ్యాగులో పెట్టుకున్నాను. ముందు బంపరుకి కట్టిన నిమ్మకాయలు, మిరపకాయలు కూడా విప్పించారు, ట్రాకు మీద ఏదీ ఊడి పడకూడదట. మాలో ఒకతని సీటు కింద నీళ్ల సీసా దొరికింది. ఆ సీసా దొర్లి బ్రేకు పెడల్ కిందకి వస్తే ఏమవుతుందో ఆయన పెడల్ కింద పెట్టి మరీ చూపించాడు. అందరం నిశ్శబ్దం అయిపోయాం.

తర్వాత జెండాల పాఠం. పసుపు అంటే ముందు ప్రమాదం, స్పీడు తగ్గించు, ఎవర్నీ దాటొద్దు. ఎరుపు అంటే సెషన్ ఆపేశారు, నెమ్మదిగా పిట్‌లోకి, అంటే ట్రాకు పక్కన కార్లు ఆపుకునే చోటుకి రా. నీలం అంటే వెనక నీకంటే వేగంగా ఒకడొస్తున్నాడు, దారివ్వు. పసుపు మీద ఎర్ర చారలుంటే రోడ్డు మీద ఆయిలో ఏదో పడి జారుతోందని. ల్యాప్ టైమ్ తీయొద్దని ఖచ్చితంగా చెప్పారు. స్ట్రెయిట్లలో తప్ప దాటకూడదు, అది కూడా ముందువాడు చెయ్యి చూపిస్తేనే.

మొదటి సెషన్ ఇన్‌స్ట్రక్టరు పక్కన కూర్చున్నాడు. రెండోది నేనొక్కడినే. రెండూ హాయిగా అయిపోయాయి, అదే నన్ను పాడు చేసింది. మూడో సెషన్‌లో ధైర్యం పెరిగింది, బ్రేకు వేసే చోటు ప్రతి ల్యాపుకీ కాస్త కాస్త మలుపుకి దగ్గరగా జరుపుకుంటూ పోయాను. ఆరో ల్యాపులో మెయిన్ స్ట్రెయిట్ చివర స్పీడు 140 దాటింది. బ్రేకు మీద కాలు వేశాను. పెడల్ సగం దాకా ఏ బరువూ లేకుండా దిగిపోయింది. తడి స్పాంజి మీద అడుగేసినట్టు. ఇంకా తొక్కాను, ఇంకా దిగింది. కారు తగ్గుతోంది కానీ రోజూ తగ్గినట్టు తగ్గట్లేదు.

పొద్దున్న ఇన్‌స్ట్రక్టరు చెప్పిన మాట అప్పుడు పనికొచ్చింది. పెడల్ మెత్తబడితే వదిలి మళ్లీ తొక్కు, రెండుమూడు సార్లు పంపు కొట్టు, గేర్లు దించు, మలుపు తిప్పాలని చూడకు, స్టీరింగ్ తిన్నగా పట్టుకుని బయట ఖాళీలోకి పోనీ అన్నాడు. నాలుగు నుంచి మూడు, మూడు నుంచి రెండు. కారు ట్రాకు దాటి మట్టిలోకి, గడ్డిలోకి దిగి, దుమ్ము లేపుకుంటూ పోయి ఆగింది. దేనికీ తగల్లేదు. నాకేం కాలేదు, కారుకీ ఏం కాలేదు. మార్షల్ పరుగెత్తుకుంటూ వచ్చి అద్దంలోంచి నా మొహం చూసి బొటనవేలు ఎత్తాడు. నేనూ ఎత్తాను గానీ చెయ్యి వణుకుతోంది.

అదే బ్రేకుతో, అదే బ్రేకు ఆయిల్‌తో నేను డిసెంబరులో అమ్మానాన్నల్ని తీసుకుని అరకు వెళ్లి వచ్చాను. నిన్నంతా దారి పొడుగునా అదే గుర్తొచ్చింది.

---

ఉక్కునగరం_డ్రైవర్ (రాత్రి 9:58)

ముందు నువ్వు క్షేమంగా ఉన్నావు, అంతే చాలు తమ్ముడూ. మిగతా ఫొటోలు తర్వాత పెట్టు.

---

గాజువాక_గేర్ (రాత్రి 10:15)

గురూ, రెండు ప్రశ్నలు. పెడల్ మెత్తబడి కిందకి దిగిపోయిందా, లేక పెడల్ గట్టిగానే ఉండి కారు ఆగలేదా? ఈ రెండూ వేరు. పెడల్ గట్టిగా ఉండి ఆగకపోతే ప్యాడ్లు (చక్రం డిస్కుని పట్టుకునే బ్రేకు ముక్కలు) వేడెక్కిపోయి పట్టు పోయినట్టు. మెత్తగా దిగిపోతే ఆయిల్ మరిగినట్టు. రెండో ప్రశ్న, ఆయిల్ చివరిసారి ఎప్పుడు మార్చావు?

---

ఎంవీపీ_హ్యాచ్ (రాత్రి 10:31)

మెత్తగానే దిగింది. పిట్‌లోకి వచ్చి ముప్పావుగంట బానెట్ తెరిచి వదిలేశాక మళ్లీ పెడల్ పైకి వచ్చింది గానీ మునుపటంత గట్టిగా లేదు. ఇక ఆ రోజు నేను తోలలేదు. ఇంటికి కూడా ఆ ఆయిల్‌తో రాలేదు. శ్రీపెరుంబుదూరులోనే సాయంత్రం ఒక షెడ్డులో ముందు రెండు చక్రాల బ్రేకుల్లో చేరిన గాలి బుడగలు తీయించి కాస్త కొత్త ఆయిల్ పోయించుకుని, 80 దాటకుండా వచ్చాను.

ఎప్పుడు మార్చానో చెప్పాలంటే, కారు కొని ఐదేళ్లయింది. సర్వీసు బిల్లులన్నీ ఇప్పుడే తీసి చూశాను. ఇంజన్ ఆయిల్, ఫిల్టర్లు, ఏసీ గ్యాసు అన్నీ ఉన్నాయి. బ్రేకు ఆయిల్ దగ్గర టాప్ అప్, అంటే తగ్గినంత పోశామని, రెండుసార్లు ఉంది. మార్చినట్టు ఒక్కసారి కూడా లేదు. నేనూ అడగలేదు.

---

డీజిల్_బాబాయ్ (రాత్రి 11:05)

అందరూ ఇది చదవండి. ముప్ఫై ఏళ్లుగా బళ్ల పనిలో ఉన్నాను, వైజాగ్‌లో బ్రేకు ఆయిల్ అడిగి మార్పించుకున్న సొంత కారు వాళ్లని వేళ్ల మీద లెక్కపెట్టొచ్చు.

బ్రేకు ఆయిల్ నిజానికి నూనె కాదు. దానికి తేమ పీల్చుకునే గుణం ఉంది. సీసా మూత తీసి పెట్టినా పీలుస్తుంది, రబ్బరు గొట్టాల్లోంచి కూడా కొద్దికొద్దిగా పీలుస్తుంది. మనది సముద్రం ఒడ్డు ఊరు. రాత్రి బయట పెట్టిన ఉప్పు డబ్బా పొద్దునకి ఎలా ముద్దవుతుందో తెలుసు కదా, బీచ్ రోడ్డు వైపు ఇళ్లవాళ్ల డిస్కులు రెండు రోజులు బండి తీయకపోతే ఎలా ఎర్రగా తుప్పు పడతాయో తెలుసు కదా. లోపల ఆయిల్‌కి తడి చేరడమూ అంతే.

డబ్బా మీద డాట్ 3, డాట్ 4 అని ఉండేవి బ్రేకు ఆయిల్ రకాలు. డాట్ 3 ఆయిల్ కొత్తది 205 డిగ్రీల లోపు మరగకూడదని ప్రమాణం. డాట్ 4 అయితే 230, డాట్ 5.1 అయితే 260. నీళ్లు 3.7 శాతం చేరాక అదే డాట్ 3 మరిగే హద్దు 140కి పడిపోతుంది, డాట్ 4 ది 155కి, 5.1 ది 180కి. ఊళ్లో మద్దిలపాలెం సిగ్నలు దగ్గర ఆగడానికి ఇది చాలు, తేడా తెలియదు. ట్రాకు మీద ల్యాపు ల్యాపుకీ 140 నుంచి బ్రేకు కొడుతుంటే డిస్కు వేడి ప్యాడు గుండా క్యాలిపర్‌లోకి (ప్యాడ్లని డిస్కుకి నొక్కే భాగం), అక్కణ్నుంచి ఆయిల్‌లోకి దిగుతుంది. మరిగిన ఆయిల్‌లో ఆవిరి బుడగలొస్తాయి. ద్రవాన్ని నొక్కితే నలగదు కాబట్టే నీ కాలి బలం చక్రం దాకా వెళ్తుంది. ఆవిరి నలుగుతుంది. నీ పెడల్ ఆ బుడగల్ని నొక్కుతోంది, ప్యాడ్లని కాదు. నువ్వు పంపు కొట్టినప్పుడు కొంచెం పట్టిందంటే, బుడగలు నలిగాక మిగిలిన బలం ప్యాడ్ల దాకా వెళ్లింది కాబట్టే.

ఎంవీపీ బాబూ, నువ్వు అరకు మాట ఎత్తావు గనక చెప్తున్నా. అరకు నుంచి తిరిగొస్తూ ఎస్.కోట వైపు అనంతగిరి ఘాట్ దిగేటప్పుడు మూడో గేరులో పెట్టి బ్రేకు మీద కాలు అలాగే ఆనించి దిగేవాళ్లని ప్రతి ఆదివారం చూస్తాను, మలుపుల దగ్గర కాలిన వాసన వస్తూ ఉంటుంది. అది కూడా ఇదే వేడి. రెండో గేరు వేసి, ఇంజన్ పట్టు మీద దిగు. బ్రేకు గట్టిగా వెయ్యి, వదులు, మళ్లీ వెయ్యి. ఆనించి ఉంచొద్దు.

రెండేళ్లకోసారి ఆయిల్ మార్చాలి, కిలోమీటర్లతో పని లేదు. టాప్ అప్ చేస్తే పాత నీళ్లలో కొత్త ఆయిల్ కలిపినట్టే. ఇంకొకటి, షాపులో డాట్ 5 అని అమ్మితే కొనొద్దు, అది సిలికాన్, మన బళ్లకి పనికిరాదు. 5.1 వేరు, 5 వేరు.

---

సీతమ్మధార_లత (మంగళవారం, ఉదయం 6:50)

ఆ ఏడు కార్లలో ఒకటి నాది. అతను మట్టిలోకి వెళ్లినప్పుడు నేను వెనక రెండు మలుపుల దూరంలో ఉన్నాను, పసుపు జెండా చూసి నెమ్మది చేశాను, దుమ్ము కనిపించింది, కారు రంగు గుర్తుపట్టాను. పిట్‌లోకి వచ్చి అతను నవ్వుతూ నిలబడ్డాడని చూసేదాకా ఊపిరి ఆడలేదు.

నేను వేరే సంగతి రాద్దామనుకుంటున్నాను. నేను పదిహేనేళ్లుగా కారు తోలుతున్నాను, ఆఫీసుకి, పిల్లల బడికి, విజయనగరం పుట్టింటికి. నాకు తోలడం వచ్చనే అనుకున్నాను. ఇన్‌స్ట్రక్టరు పక్కన కూర్చోగానే కారు కదలకముందే సీటు సరిచేయించారు. వీపు మొత్తం సీటుకి ఆనించి చెయ్యి చాచితే మణికట్టు స్టీరింగ్ పైభాగం మీద ఆనాలి, బ్రేకు పూర్తిగా తొక్కినప్పుడు కూడా మోకాలు కొద్దిగా వంగి ఉండాలి అన్నారు. నేను ఇన్నాళ్లూ స్టీరింగ్‌కి అతుక్కుని కూర్చునేదాన్ని. చేతులు గడియారంలో తొమ్మిది, మూడు దగ్గర. పది నిమిషాలు కూర్చునే విధానమే చెప్పారు.

తర్వాత కళ్లు. నేను ఎప్పుడూ బానెట్ ముందు పది అడుగుల రోడ్డునే చూస్తాను. మలుపు లోపలి అంచు దగ్గర ఒక ఎర్ర కోను పెట్టారు, మలుపు అయిపోయే చోట ఇంకొకటి. మొదటి కోనుని నేను ఇంకా చేరకముందే ఆయన రెండోదాన్ని చూడండి, మేడమ్, రెండోదాన్ని అంటూనే ఉన్నారు. మెడ తిప్పి చూడాలంటే భయం వేసింది, ముందున్న రోడ్డు వదిలేసినట్టు ఉంటుంది. నాలుగో ల్యాపులో తిప్పాను. చేతులు వాటంతటవే తక్కువ తిరిగాయి, కారు మలుపు మొత్తం ఒకే గీత మీద వెళ్లింది. అలా జరగడం నా జీవితంలో మొదటిసారి. కళ్లలో నీళ్లు వచ్చాయి, దాచుకోవడం ఎందుకు.

బయలుదేరే ముందు మా అత్తగారు ఒకే ఒక్క ప్రశ్న వేశారు, అక్కడ ఎదురు బళ్లు వస్తాయా అమ్మా అని. రావు అత్తయ్యా, అందరూ ఒకే వైపు తిరుగుతారు, అంబులెన్స్ అక్కడే ఉంటుంది అన్నాను. అయితే వెళ్లు అని దారికి పులిహోర కట్టిచ్చారు.

---

పెందుర్తి_ఆర్ (ఉదయం 8:12)

అక్కా, బ్రేకు వేస్తూ మలుపులోకి దిగడం నేర్పారా? నాకు అది అస్సలు రావట్లేదు.

---

సీతమ్మధార_లత (ఉదయం 8:40)

మొదటి రోజు అది నేర్పలేదు తమ్ముడూ. ముందు బ్రేకు మొత్తం తిన్నగా ఉన్నప్పుడే పూర్తి చేయి, వదులు, అప్పుడు తిప్పు, కారు తిన్నబడుతుంటే యాక్సిలరేటర్ ఇవ్వు. అంతే. ఒక మనిషి మలుపు మధ్యలో భయపడి యాక్సిలరేటర్ ఒక్కసారిగా వదిలేశాడు, బరువంతా ముందు చక్రాల మీదకి వచ్చి వెనక చక్రాలు తేలికై జారి కారు గిరగిరా తిరిగింది. ఆయనకీ ఏం కాలేదు, చుట్టూ ఖాళీ స్థలం ఉంది కాబట్టి.

---

రుషికొండ_టర్బో (మధ్యాహ్నం 1:20)

అందరికీ నమస్తే, నేను కొత్త. ఇంజనీరింగ్ థర్డ్ ఇయర్. మా నాన్నది టర్బో పెట్రోలు కారు, 150 పీఎస్ పవరు. మీరు చెప్పేవన్నీ బాగున్నాయి కానీ చెన్నై దాకా వెళ్లడం, ఫీజు, లాడ్జి, పెట్రోలు అంటే స్టూడెంటుకి కష్టం. తెల్లవారుజామున నాలుగున్నరకి రుషికొండ నుంచి భీమిలి వైపు బీచ్ రోడ్డు ఖాళీగా ఉంటుంది. మలుపుల్లో ఇవే గీతలు, ఇదే బ్రేకింగ్ అక్కడ ప్రాక్టీసు చేస్తే తప్పేంటి? మేం నలుగురం ఫ్రెండ్స్ జాగ్రత్తగానే చేస్తాం.

---

గాజువాక_గేర్ (మధ్యాహ్నం 1:26)

వద్దు తమ్ముడూ. దయచేసి వద్దు.

---

నైట్_డ్యూటీ (మధ్యాహ్నం 2:03)

నేను ఈ ఊళ్లో ఒక ఆసుపత్రి క్యాజువాలిటీలో పనిచేస్తాను. రుషికొండ తమ్ముడూ, నీ మీద కోపంతో రాయట్లేదు, నువ్వు దాచకుండా అడిగావు, అది మంచిదే.

నాలుగున్నరకి ఆ రోడ్డు ఖాళీ కాదు. ఆ టైముకి వేటకి వెళ్లే జాలర్లు సైకిళ్ల మీద, వలలు భుజాన వేసుకుని నడిచి వెళ్తుంటారు. చేపల గంపలతో ఆటోలు బయలుదేరతాయి. వాకింగ్‌కి ముసలివాళ్లు వస్తారు, కుక్కలుంటాయి. చాలావాటికి లైటు ఉండదు.

ఒక లెక్క చూడు. 100 స్పీడులో సెకనుకి 28 మీటర్లు వెళ్తావు. కాలు బ్రేకు మీదకి రావడానికి ఒక్క సెకను పట్టిందనుకో, అది 28 మీటర్లు. ఎండు రోడ్డు, మంచి టైర్లు ఉంటే ఆగడానికి ఇంకో 49 మీటర్లు. మొత్తం 77. అదే 140లో, సెకనుకి 39 మీటర్లు, ఆగడానికి 96, మొత్తం 135. స్పీడు ఒకటిన్నర రెట్లు కూడా పెరగలేదు, బ్రేకు వేశాక ఆగే దూరం దాదాపు రెట్టింపయింది, ఎందుకంటే అది స్పీడు వర్గంతో పెరుగుతుంది. నీ హెడ్‌లైటు డిమ్‌లో అంత దూరం చూపించదు. బీచ్ ఇసుక గాలికి కొట్టుకొచ్చి రోడ్డు మీద పొరగా ఉంటే ఈ లెక్క కూడా పనికిరాదు.

ఎంవీపీ_హ్యాచ్‌కి జరిగింది అదే బీచ్ రోడ్డు మలుపులో జరిగి ఉంటే? అతనికి మట్టి, గడ్డి దొరికింది. అక్కడ ఒక పక్క కొండ రాయి, ఇంకో పక్క మనుషులు. నేను రాత్రి డ్యూటీలో స్ట్రెచర్ పక్కన నిలబడి తల్లిదండ్రులకి ఫోను చేసే పని చాలాసార్లు చేశాను. ఫోనులో ఇంటిపేరు చెప్పగానే అవతల ఒక నిశ్శబ్దం వస్తుంది. మీ నాన్నగారి నంబరు నేను నొక్కకూడదు.

---

పోర్టు_రిటైర్డ్ (సాయంత్రం 5:30)

ఈ థ్రెడ్ మా అబ్బాయి చూపించాడు. నాకు 68 ఏళ్లు. రుషికొండ బాబూ, నీ వయసులో నాకూ ఈ పిచ్చి ఉండేది, అందుకని నీకు ఒక సంగతి చెప్పాలనిపించింది.

1980ల్లో కొన్నాళ్లు మద్రాసులో ఉద్యోగం చేశాను. అప్పటికి ఇరుంగాట్టుకోట్టై ట్రాకు లేదు. షోలవరంలో రెండో ప్రపంచ యుద్ధం నాటి ఎయిర్‌స్ట్రిప్ ఉండేది, మద్రాస్ మోటార్ స్పోర్ట్స్ క్లబ్బు వాళ్లు అక్కడే రేసులు పెట్టేవారు. బస్సెక్కి వెళ్లి, దుమ్ములో, ఎండలో నిలబడి చూశాం. మీరంతా నేషనల్ హైవే మీద మొన్న ఆ షోలవరం పక్కనుంచే వెళ్లి ఉంటారు. ఒక విమానాల దారి దొరికితే చాలు, రోడ్డు మీద కాకుండా అక్కడ పరుగెత్తాలని ఆ రోజుల్లో వాళ్లు అనుకున్నారు. తర్వాత స్థలం సంపాదించి, ఇరుంగాట్టుకోట్టైలో సొంత ట్రాకు కట్టుకున్నారు.

కోయంబత్తూరు కరివర్ధన్ గారు మారుతి ఇంజను పెట్టి మన దేశంలోనే సింగిల్ సీటరు కార్లు తయారు చేయించారు, తక్కువ ఖర్చులో కుర్రాళ్లు రేసింగ్ నేర్చుకోవాలని. ఆయన పేరు మీదే అక్కడ కరి మోటార్ స్పీడ్‌వే ఉంది, 2003 నుంచి. ఆ కోయంబత్తూరు నుంచే నారాయణ్ కార్తికేయన్ 2005లో ఫార్ములా వన్ దాకా వెళ్లాడు. ఆ ఊరివాళ్లకి మనకంటే ఎక్కువ డబ్బులేమీ లేవు, ఒక స్థలం మాత్రం ఉంది.

మన ఊరికి ట్రాకు లేదు. ఉంటే బాగుండునని నాకు ఈ వయసులోనూ ఉంది. హైదరాబాదులో 2023లో హుస్సేన్‌సాగర్ పక్కన ఫార్ములా ఈ (ఎలక్ట్రిక్ కార్ల రేసు) పెడితే మా మనవడితో వెళ్లి చూసొచ్చాను. మన దగ్గర పారిశ్రామిక స్థలాలకి కొదవ లేదు, చిన్న కార్టింగ్ ట్రాకు, తడి చేసిన ఒక కాంక్రీటు మైదానం ఉన్నా బ్రేకు ఎలా వేయాలో పిల్లలకి నేర్పొచ్చు. అది మీ క్లబ్బు వాళ్లు అడగాల్సిన విషయం. గట్టిగా అడగండి.

---

రుషికొండ_టర్బో (రాత్రి 8:44)

నైట్ డ్యూటీ అన్నా, మీరు రాసింది రెండుసార్లు చదివాను. మా నలుగురిలో ఒకడికి కూడా పంపాను. మేం వెళ్లం. ట్రాకుకే వస్తాను, కానీ నాన్నని ఒప్పించాలి. ఇన్సూరెన్స్ పనికొస్తుందా అని నాన్న అడుగుతారు, ఏం చెప్పాలి?

---

ద్వారకానగర్_పాలసీ (రాత్రి 9:10)

ఇది నా పని కాబట్టి నేను చెప్తాను. పనికిరాదు. నీ ప్రైవేటు కారు పాలసీ తీసి "వాడకం పరిమితులు" అన్న భాగం చదువు. నిర్వహించే రేసులు, పేస్ మేకింగ్, స్పీడు పరీక్షలు, రిలయబిలిటీ ట్రయల్స్‌కి ఈ పాలసీ వర్తించదు అని ఉంటుంది. ఇది రేసు కాదు, శిక్షణే కదా అని వాదించొచ్చు, కానీ ఆ వాదన మీద ఆధారపడి బండి తీసుకెళ్లొద్దు. ట్రాకు మీద సొట్ట పడితే సొంత జేబు నుంచే అనుకుని వెళ్లు. నాన్నగారికి ఇది ముందే చెప్పు, దాచి తీసుకెళ్లకు. అక్కడ ట్రైనింగ్ స్కూళ్ల కార్లు తీసుకునే వీలుంటుంది, రైల్లో వెళ్లి వాటిలో నేర్చుకోవడం నీకు నయం, కోరమాండల్ ఎక్కితే చెన్నై సెంట్రల్‌లో దిగుతావు.

---

పెందుర్తి_ఆర్ (రాత్రి 9:35)

టైర్లలో గాలి సంగతి ఎవరూ రాయలేదు. ఊళ్లో 33 పెడతాను, ట్రాకుకి ఎంత పెట్టాలి?

---

గాజువాక_గేర్ (రాత్రి 10:02)

నేను ఈసారి వెళ్లలేదు గానీ ముందు రెండుసార్లు వెళ్లాను, నేను చేసింది చెప్తా. చల్లగా ఉన్నప్పుడు నీ కారు తలుపు మీద కంపెనీ రాసినంతే పెట్టుకుని వెళ్లు. నాలుగైదు ల్యాపులు గట్టిగా తోలి రాగానే కొలిస్తే నాలుగు నుంచి ఆరు పీఎస్‌ఐ పెరిగి ఉంటుంది. అప్పుడు కొంచెం తగ్గించు, ఒకేసారి ఎక్కువ కాదు.

ఎంత తగ్గించాలో తెలియడానికి ఒక మంచి పద్ధతి ఉంది. సుద్దముక్క తీసుకుని టైరు ట్రెడ్ (రోడ్డుకి తగిలే భాగం) నుంచి పక్క గోడ మీదకి అడ్డంగా ఒక గీత గీయి, మూడు నాలుగు చోట్ల. తోలి వచ్చాక చూడు. ట్రెడ్ అంచు దాకా చెరిగి, పక్క గోడ మీద గీత అలాగే ఉంటే సరిగ్గా ఉంది. పక్క గోడ మీద కూడా చెరిగిపోతే గాలి తక్కువై టైరు మడుచుకుపోతోంది, ఇంకో రెండు పెట్టు. అంచు దాకా చెరగకపోతే గాలి ఎక్కువ. ఇంటికి బయలుదేరే ముందు మళ్లీ మామూలు గాలి పెట్టించుకోవడం మర్చిపోవద్దు, అది మర్చిపోయి నెల్లూరు దాకా వచ్చినవాణ్ని నాకు తెలుసు.

వీల్ నట్లు టార్క్ రెంచితో (ఎంత బిగువో చూపించే పానా) ఉదయం ఒకసారి, మధ్యాహ్నం ఒకసారి చూసుకోండి, మీ కారు మాన్యువల్‌లో ఎంతుందో అంతే. ఇంకొకటి, ఎవరూ చెప్పరు, ప్రతి సెషన్ చివరి ల్యాపు బ్రేకు దాదాపు వాడకుండా నెమ్మదిగా తిరగాలి, గాలికి డిస్కులు చల్లబడతాయి. పిట్‌లో ఆపాక హ్యాండ్‌బ్రేకు వేయొద్దు. గేరులో పెట్టి చక్రానికి రాయి అడ్డం పెట్టండి. వేడి ప్యాడ్లు, లైనర్లు ఒకేచోట నొక్కి ఉంచితే అక్కడ మచ్చ పడి తర్వాత పెడల్ వణుకుతుంది.

---

ఉక్కునగరం_డ్రైవర్ (బుధవారం, ఉదయం 7:15)

ఆయిల్‌తో పాటు పెద్ద డిస్కులు, స్టీలు అల్లిన గొట్టాలు, రేసింగ్ ప్యాడ్లు వేయించుకుంటే ఇలాంటి టెన్షన్ ఉండదు కదా? ఖర్చు ఎంతైనా ప్రాణం ముఖ్యం.

---

డీజిల్_బాబాయ్ (ఉదయం 7:40)

ఒప్పుకోను. మొదటిసారి వెళ్లేవాడికి కొత్త డాట్ 4 ఆయిల్, సగానికి పైగా మందం ఉన్న మంచి ప్యాడ్లు, నాలుగు మంచి టైర్లు చాలు. అది కాక ఐదారు ల్యాపులకోసారి పిట్‌లోకి రావడం. రేసింగ్ ప్యాడ్లు చల్లగా ఉన్నప్పుడు పట్టవు, ఉదయం ఇంటి సందులోంచి తీసేటప్పుడు చిన్నపిల్ల అడ్డం వస్తే నీకు కావలసింది చల్లగా పట్టే ప్యాడ్. ఆ కుర్రాడి కారులో కంపెనీ బ్రేకు తప్పేం లేదు. ఆయిల్ పాతది, అంతే. ముందు ఉన్నదాన్ని సరిగా ఉంచుకుందాం.

---

ఎంవీపీ_హ్యాచ్ (బుధవారం, రాత్రి 8:20)

ఈ రోజు సాయంత్రం ఆటోనగర్‌లో మా పాత మెకానిక్ షెడ్డుకి తీసుకెళ్లి ఆయిల్ పూర్తిగా మార్పించాను. నేనూ పక్కన కూర్చున్నాను. కుడి వెనక చక్రం నుంచి మొదలుపెట్టాడు. ఆయిల్ బయటికి వదిలే నిపుల్‌కి తెల్ల ట్యూబు తొడిగి సీసాలో పెట్టి, నన్ను పెడల్ తొక్కమన్నాడు. నొక్కు, పట్టు, వదులు. వెనకనుంచి వచ్చింది కాఫీ డికాక్షన్ రంగులో ఉంది. కొత్త డబ్బాలో ఉన్నది దాని పక్కన పెట్టి చూపించాడు, లేత తేనె రంగు. ముందు చక్రాలకి శ్రీపెరుంబుదూరులో కాస్త కొత్తది పోయించినా అక్కడా ఇంకా నల్లగానే వచ్చింది. ట్యూబులో రంగు తేరుకునేదాకా నాలుగు చక్రాలకీ తీశాడు, దాదాపు లీటరు పట్టింది. అయ్యాక పెడల్ మీద కాలు పెట్టాను. పైనే ఆగింది, రాయి మీద పెట్టినట్టు.

ఆ పాత ఆయిల్ సీసా తెచ్చి ఇంట్లో గూట్లో పెట్టుకున్నాను. నాన్నకి చూపించి అరకు సంగతి కూడా చెప్పాను. ఆయన చాలాసేపు ఏమీ అనలేదు. తర్వాత మా స్కూటీ బ్రేకు కూడా చూపించు రా అన్నారు.

మెకానిక్ అన్న ఆదివారం ఉదయం ఏడింటికి మనకోసం షెడ్డు తెరుస్తానన్నాడు. ఆయిల్ ఎవరిది వాళ్లు తెచ్చుకోవాలి, సీలు తీయని డబ్బా. కారుకి గంట పడుతుంది. పెందుర్తి, లత గారు, ఉక్కునగరం అన్న, నైట్ డ్యూటీ అన్న, మా ఎదురింటి వాళ్ల కారు, ఇప్పటికి ఐదు రాసుకున్నాను. ఇంకెవరైనా ఉంటే శుక్రవారం లోపల ఇక్కడ చెప్పండి.

---

రుషికొండ_టర్బో (రాత్రి 8:33)

ఆరోది మా నాన్నది రాయండి అన్నా. ఆయనే తీసుకొస్తానన్నారు.